కాన్పు చేసే చేతికి మరో చేయి తోడు



కాన్పు గదిలో ఒక్క మనిషే ఉంటే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? బిడ్డ బయటపడేవరకు ఆమె కనిపెట్టుకుని ఉండవలసింది తల్లిని. బిడ్డ బయటపడిన మరుక్షణం నుంచి ఇద్దరిని. పుట్టిన బిడ్డ వెంటనే ఏడవలేదనుకోండి. పొడి గుడ్డతో తుడవాలి, వీపు నిమరాలి. అప్పటికీ ఊపిరి తీయకపోతే ముక్కు, నోరు కప్పే చిన్న తొడుగు పెట్టి, దానికున్న రబ్బరు సంచి నొక్కి గాలి అందించాలి. ఇదంతా మొదటి నిమిషం దాటకముందే మొదలుకావాలి. సరిగ్గా ఆ నిమిషంలోనే తల్లికి ఆక్సిటోసిన్ అనే సూదిమందు వేయాలి. ఆ మందు గర్భసంచిని గట్టిపరచి, మాయ పడిపోయేలా, రక్తం ఎక్కువ పోకుండా చేస్తుంది. ఉన్నవి రెండే చేతులు. ఆమె ఎటు తిరగాలి?

ఇంకొకటి చూడండి. కాన్పయిన తరువాత రక్తం ఆగకుండా పోతుంటే రెండు గంటల లోపలే తల్లి ప్రాణం పోవచ్చు. అప్పుడు ఒకరు పొత్తికడుపు మీద చేయి వేసి గర్భసంచిని మర్దనా చేస్తూ ఉండాలి, చేయి తీయకూడదు. ఒకరు నరంలోకి సెలైను ఎక్కించాలి. ఒకరు మందు తీసి అందించాలి. మరొకరు 108కి ఫోను చేసి, పెద్దాసుపత్రిలో రక్తం సిద్ధంగా ఉంచమని చెప్పాలి. మన ఆడవాళ్ళలో గర్భిణీలు సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. బలంగా ఉన్న తల్లి అరలీటరు రక్తం పోయినా తట్టుకోవచ్చు గాని, పాలిపోయిన తల్లి అంతకన్న తక్కువకే కూలిపోతుంది.

ఎంత నేర్పరి అయినా ఒంటరిగా కాన్పు చేసే మనిషికి ఇది మించిన బరువు. ఆ బరువును పంచుకోవటానికి కాన్పులు చేసేవాళ్ళు ఒకరికొకరు ఎలా తోడయ్యారో, ఎలా తోడవుతున్నారో చెప్పటానికే ఈ పాఠం. “అది నర్సమ్మల సంగతి, మాకెందుకు?” అనకండి. ఆమెను తోడు పిలవనిచ్చేది, పిలవనివ్వనిది చాలాసార్లు ఇంటివాళ్ళే.

మంత్రసాని ఎందుకు ఒంటరిదయింది

మన ఊళ్ళలో పూర్వం పురుడు పోసింది మంత్రసానులే. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చిన విద్య అది. చాలా ఊళ్ళలో మంగలి, చాకలి, మాదిగ ఇళ్ళ ఆడవాళ్ళు ఈ పని చేసేవాళ్ళు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పిలిస్తే వచ్చేవాళ్ళు. పని అయ్యాక ఓ పాతచీర, నాలుగు సోలల బియ్యం ఇచ్చి పంపేవాళ్ళు. మర్నాడు అదే ఇంటి గడప ఆమెను తొక్కనివ్వని ఇళ్ళు కూడా ఉండేవి. బిడ్డను చేతుల్లోకి అందుకున్న మనిషి అంటరానిదెలా అయిందో నాకయితే ఎప్పటికీ అర్థం కాదు.

ఆమెకు తెలిసిన మంచి పనులు లేకపోలేదు. నొప్పులు పడుతున్న తల్లిని అటూ ఇటూ నడిపించటం, మంచాన వెల్లకిలా పడుకోబెట్టకుండా ఆసరా ఇచ్చి కూర్చోబెట్టటం, దగ్గరుండి ధైర్యం చెప్పటం, ఇవన్నీ మంచివేనని నేటి వైద్యం కూడా అంటున్నది. కాని కొడవలితో బొడ్డు కోసిన చోట ధనుర్వాతం వచ్చి బిడ్డలు పోయారు. అడ్డం తిరిగిన బిడ్డను చేయి పెట్టి లాగబోయి తల్లులు పోయారు. తప్పు ఆమె ఒక్కదానిది కాదు. తనకు తెలియనిది అడగటానికి ఆమెకు మనిషి లేదు. పక్క ఊరి మంత్రసాని ఎలా చేస్తుందో చూసే వీలు లేదు. బిడ్డ పోతే “దాని చేతి వాటం మంచిది కాదు” అన్నారు. అందుకని జరిగినది దాచుకుంది. ఒకచోట జరిగిన పొరపాటు దాచేస్తే మరో ఊళ్ళో మళ్ళీ అదే జరుగుతుంది గదా!

లండనులో ఏం జరిగింది

ఈ ఒంటరితనం మన దేశంలోనే కాదు. నూట నలభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో కూడా కాన్పులు చేసే ఆడవాళ్ళకు చదువు లేదు, చట్టం లేదు, గౌరవం అంతకన్నా లేదు. 1881లో లండనులో జెఫరీనా స్మిత్, లూయిజా హబ్బర్డ్ మొదలైన కొందరు స్త్రీలు కలిసి ఒక సంఘం పెట్టారు. అదే తరువాత మిడ్‌వైవ్స్ ఇన్‌స్టిట్యూట్ అయింది. మిడ్‌వైఫ్ అంటే శిక్షణ పొందిన మంత్రసాని అనుకోండి. వాళ్ళు కోరింది జీతం పెంచమని కాదు. “మాకు శిక్షణ ఇవ్వండి, పరీక్ష పెట్టండి, నెగ్గినవాళ్ళ పేర్లు ఒక పట్టీలో రాయండి, ఆ పట్టీలో లేనివాళ్ళను ఈ పని చేయనివ్వకండి” అని అడిగారు. తమకే కట్టడి పెట్టమని తామే అడిగారన్నమాట!

డాక్టర్లలో కొందరు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. వీళ్ళకు గుర్తింపు ఇస్తే తమ రాబడి పోతుందని వాళ్ళ భయం. పార్లమెంటులో బిల్లు మీద బిల్లు వీగిపోయింది. చివరకు 1902లో చట్టం వచ్చింది. సంఘం పెట్టిన తరువాత ఇరవై ఒక్క ఏళ్ళకు!

అసలు సంగతి తరువాత బయటపడింది. ప్రమాదం కనిపిస్తే డాక్టరును పిలిపించాలని ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు మిడ్‌వైఫ్‌ను ఆదేశించాయి. బాగానే ఉంది. కాని వచ్చిన డాక్టరుకు ఫీజు ఎవరివ్వాలి? కూలినాలి చేసుకునే ఇంటివాళ్ళు “ఇంకాసేపు చూద్దాం” అనేవాళ్ళు. డబ్బు రాదేమోనని డాక్టరు వెనకాడేవాడు. మధ్యలో తల్లి. 1918లో మరో చట్టం చేసి, మిడ్‌వైఫ్ పిలిచిన డాక్టరుకు ముందుగా స్థానిక ప్రభుత్వమే ఫీజు చెల్లించాలని, ఇంటివాళ్ళ స్తోమతను బట్టి తరువాత వసూలు చేసుకోవాలని ఏర్పాటు చేశారు. 1936 చట్టంతో మిడ్‌వైఫ్‌లకు జీతాలిచ్చి నియమించే పద్ధతి వచ్చింది. రాత్రీ పగలూ ఒక్కతే పరుగెత్తే బాధ అప్పటికి తగ్గింది.

మన దగ్గర ఆ ఫీజు భయం ఇప్పుడు ఉండనక్కరలేదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, అక్కడున్నన్నాళ్ళు భోజనం, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి బండి, తిరిగి ఇంటికి బండి అన్నీ ఉచితం. అయినా “ఇంకాసేపు చూద్దాం” అనే మాట మాత్రం మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

ఒక గీత చేసిన మేలు

1972లో ఆఫ్రికాలోని రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, ఫిల్‌పాట్, కాజిల్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక పద్ధతి ప్రకటించారు. అక్కడ పల్లెల్లో చిన్న చిన్న కాన్పు కేంద్రాలు, వాటిలో మిడ్‌వైఫ్‌లు. డాక్టరున్న ఆసుపత్రి ఎంతో దూరం. ఎప్పుడు పంపాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే చిక్కు. ఒక కాగితం మీద నొప్పులు మొదలైన దగ్గరినుంచి గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకున్నదో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. ఆ కాగితం మీద ముందే రెండు ఏటవాలు గీతలు గీసి ఉంటాయి. చుక్కలు మొదటి గీత దాటితే జాగ్రత్త పడి, ఆసుపత్రికి పంపే ప్రయత్నం చేయాలి. రెండో గీత వచ్చేసరికి డాక్టరు చేతిలో ఉండాలి.

ఇందులో ఏముంది అంటారా? చాలా ఉంది. అంతవరకు “నాకెందుకో భయంగా ఉందండీ” అని మాత్రమే చెప్పగలిగిన మిడ్‌వైఫ్, ఇప్పుడు కాగితం చూపించి “గీత దాటింది” అని చెప్పగలిగింది. డ్యూటీ మారినప్పుడు వచ్చే రెండో ఆమెకు తల్లి సంగతంతా ఒక్క చూపులో తెలిసింది. ఒకరి అనుభవం మరొకరికి అందేలా చేసింది ఆ కాగితం. దరిమిలా ప్రపంచమంతా దాన్ని వాడారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సవరించి కొత్త పట్టిక ఇచ్చింది. అందులో తల్లి పక్కన తోడు మనిషి ఉన్నారా, ఆమె మంచినీళ్ళు తాగిందా అని కూడా రాయాలి. నన్నడిగితే ఈ మార్పు ఎంతో బాగుంది.

మీ భార్య కాన్పు గదిలో ఉండగా నర్సమ్మ కాగితాలు రాసుకుంటుంటే “మనిషిని చూడకుండా రాతలేమిటి?” అని కసురుకునేవాళ్ళున్నారు. ఆమె రాసుకునేది మీ మనిషి గురించే.

మన నేల మీద

మన దేశంలో పల్లెకు చేరిన శిక్షణ గల మనిషి ఎ.ఎన్.ఎం. ఆమె ఉద్యోగం పేరులోనే మిడ్‌వైఫ్ అనే మాట ఉంది. కాని ఒక చేదు నిజం చెప్పుకోవాలి. కుటుంబ నియంత్రణ కరపత్రంలోనే చెప్పుకోవాలి. చాలా ఏళ్ళపాటు ఆమెను “ఎన్ని కాన్పులు చేశావు?” అని అడిగినవాళ్ళు తక్కువ, “ఈ నెల ఎన్ని ఆపరేషన్లు తెచ్చావు?” అని అడిగినవాళ్ళు ఎక్కువ. 1996లో ఆ లక్ష్యాల పద్ధతిని దేశమంతటా ఎత్తివేశారు. అప్పటికే చాలామందికి కాన్పు చేసే అలవాటు తప్పింది. చేయి ఆడకపోతే విద్య మరుగున పడుతుంది.

2000 సంవత్సరంలో మన హైదరాబాదు కేంద్రంగా సొసైటీ ఆఫ్ మిడ్‌వైవ్స్, ఇండియా అనే సంఘం ఏర్పడింది. కాన్పులు చేసే నర్సులు, వాళ్ళకు పాఠాలు చెప్పేవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం ఇది. 1919లో బెల్జియం దేశంలోని ఆంట్‌వెర్ప్ నగరంలో ఐరోపా మిడ్‌వైఫ్‌లు కొందరు సమావేశమయ్యారు. అక్కడ పుట్టిన ఆలోచనే పెరిగి ఇప్పుడు ప్రపంచ సమాఖ్య అయింది. మన సంఘం అందులో సభ్యురాలు. మే 5వ తేదీని అన్ని దేశాల్లో మిడ్‌వైఫ్‌ల దినంగా జరుపుకుంటారు.

2017లో తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ కలిసి కరీంనగర్ జిల్లా ఆసుపత్రిలో 30 మంది నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి సంవత్సరం, 2018లో, కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ఇలాంటి శిక్షణకు మార్గదర్శకాలు ప్రకటించింది. మామూలు కాన్పులను మొదటినుంచి చివరివరకు వీళ్ళే చూస్తారు, తేడా కనిపిస్తే డాక్టరును పిలుస్తారు.

ఇది మనకెందుకు అవసరమో ఒక లెక్క చెబుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూరు కాన్పుల్లో దేశం మొత్తం మీద ఆపరేషన్లు సుమారు 21. ఆంధ్రప్రదేశ్‌లో 42. తెలంగాణలో 60! అవసరమైన చోట ఆపరేషను తల్లినీ బిడ్డనూ బతికిస్తుంది, దానికి నమస్కారం. అవసరం లేకుండా, ముహూర్తం కుదిరిందనో, నొప్పులు ఓర్చుకోలేననో కడుపు కోయించుకుంటే మాత్రం తరువాతి కాన్పుకు చిక్కులు తెచ్చుకున్నట్టే. పాత కోత మీద మాయ అంటుకుపోవచ్చు, మచ్చ విడిపోవచ్చు. ఓపికగా పక్కన కూర్చుని, నడిపించి, నడుము రాసి, మాట చెప్పే మనిషి ఉంటే ఎందరో తల్లులు మామూలుగానే కంటారు. ఆ ఓపికకు మనుషులు కావాలి, వాళ్ళకు వంతులు కుదరాలి. ఒక్కతే ఇరవైనాలుగు గంటలు మెలకువగా ఉండి ఓపిక చూపమంటే అయ్యే పనేనా?

కలిసి కూర్చుంటే ఏం చేస్తారు

నర్సులు, ఎ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ఆరోగ్య కేంద్రంలో సమావేశమైతే కబుర్లకని కొందరు అనుకుంటారు. సమావేశం సరిగా జరిగిన చోట ఏం చేస్తారో చెబుతాను. గుడ్డ బొమ్మను బిడ్డగా పెట్టుకుని, ఊపిరి అందించటం ఒకరి తరువాత ఒకరు చేసి చూపిస్తారు. రక్తం పోతున్నట్టు నటించి, ఎవరు ఏ పని అందుకోవాలో గడియారం పెట్టుకుని సాధన చేస్తారు. ఆక్సిటోసిన్ మందు ఫ్రిజ్‌లోనే ఉందా, కరెంటు పోయి వేడెక్కిందా అని చూసుకుంటారు. వేడికి ఆ మందు బలం తగ్గుతుంది. సూది వేశామన్న తృప్తే గాని పని జరగదు. వచ్చే నెల ఎవరెవరికి రోజులు నిండుతున్నాయి, వాళ్ళలో బి.పి. ఉన్నవాళ్ళెవరు, రక్తం తక్కువున్నవాళ్ళెవరు, ఏ తండా నుంచి వాగు దాటి రావాలి, అన్నీ మాట్లాడుకుంటారు.

అన్నిటికన్నా కష్టమైన మాట, పోయిన తల్లి గురించి మాట్లాడుకోవటం. 2010 నుంచి మన దేశంలో కాన్పు సంబంధమైన ప్రతి తల్లి మరణాన్నీ విచారించే పద్ధతి ఉంది. ఇది పోలీసు విచారణ కాదు. ఎవరిని శిక్షించాలని కాదు, ఎక్కడ ఆలస్యమైందని అడుగుతారు. ఇంట్లో నిర్ణయం ఆలస్యమైందా, దారిలో ఆలస్యమైందా, ఆసుపత్రికి చేరాక ఆలస్యమైందా? మీ ఇంట్లోగాని, వీధిలోగాని అలాంటి కష్టం వచ్చి, ఆరోగ్య సిబ్బంది అడగటానికి వస్తే దయచేసి జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆసుపత్రిలో మిమ్మల్ని పట్టించుకోకపోతే అదీ చెప్పండి. ఇంటివాళ్ళ మాట కూడా అందులో రాయాల్సిందే.

ఇక మీ వంతు

మన పద్ధతిలో తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలో, తొమ్మిదో నెలో అమ్మాయి చీరె సారెతో పుట్టింటికి వెళుతుంది. అత్తగారి ఊరి ఎ.ఎన్.ఎం. ఏడు నెలలు చూసిన బి.పి., రక్తం, బరువు అన్నీ తల్లీబిడ్డల కార్డులో ఉంటాయి. చీరె సారె మరచిపోరు గాని ఆ కార్డు బీరువాలోనే ఉండిపోతుంది! పుట్టింటి ఊరి నర్సమ్మకు ఈ అమ్మాయి కొత్త మనిషి. కార్డు తీసుకెళ్ళండి. అంతకన్నా మంచి పని మరొకటి ఉంది. బయలుదేరేముందు మీ ఎ.ఎన్.ఎం.కు ఫలానా ఊరు వెళుతున్నామని చెప్పి, అక్కడి ఎ.ఎన్.ఎం.తో ఒకసారి మాట్లాడమనండి. వాళ్ళిద్దరూ మాట్లాడుకునే రెండు నిమిషాలు మీ బిడ్డకు రక్ష.

నొప్పులు రాకముందే భర్తగా మీరు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ ఆసుపత్రికి వెళ్ళాలి? 108 బండి రావటం ఆలస్యమైతే ఊళ్ళో ఎవరి బండి ఉంది? మీ భార్య రక్తం గ్రూపేమిటి, ఇచ్చేవాళ్ళెవరు? మీరు పొలంలోనో, పనికి పట్నంలోనో ఉన్న వేళ నర్సమ్మ “పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి” అంటే ఇంట్లో ఎవరు సరేనంటారు? ఈ చివరి ప్రశ్న దగ్గరే ఎన్నో బండ్లు వాకిట్లో ఆగిపోయాయి. మామగారు రావాలి, మేనమామను అడగాలి అంటూ గంట గడుస్తుంది. అందుకని ముందే అనుకోండి, ఆమె వెళ్దామంటే వెళ్ళటమే. అత్తమ్మకూ ఈ మాట ముందే చెప్పి పెట్టండి.

రక్తం గుడ్డ తరువాత గుడ్డ తడిసేలా పోవటం, కళ్ళు మసకలు కమ్మి తీవ్రమైన తలనొప్పి, గుర్రపువాతం వచ్చినట్టు కొట్టుకోవటం, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోవటం, జ్వరం, బిడ్డ కదలిక తగ్గటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆగవద్దు.

నర్సమ్మ మరొకరిని పిలిచిందంటే ఆమెకు పని రాదని అనుకోవద్దు. ఇదే నేను మిమ్మల్ని ముఖ్యంగా కోరేది. “ఈమెకు చేతకాదు, అందుకే పైకి పంపుతోంది” అని ఊళ్ళో ఒక్కరంటే చాలు, మరోసారి ఆమె పంపటానికి జంకుతుంది. ఆ జంకు వల్ల నష్టపోయేది ఇంకొకరి భార్య. తోడు పిలిచే ధైర్యం ఉన్న నర్సే మంచి నర్సు.

కాన్పు గదిలో తల్లి పక్కన ఆమె కోరుకున్న మనిషి ఒకరు ఉండవచ్చునని 2016లో కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. కనుక అడగండి. తల్లిగాని, అక్కగాని, కాన్పు చూసిన పెద్దమ్మగాని ఉంటే నర్సమ్మకూ ఆసరాయే.

కాన్పయ్యాక

బిడ్డకూ బిడ్డకూ మధ్య మూడేళ్ళ ఎడం ఉండాలని మేము చెప్పటం మీకు కొత్త కాదు. కోత పడిన తల్లికి ఈ ఎడం ఇంకా అవసరం. ఈ సంగతి కూడా కాన్పు చేసిన ఆమెతోనే మాట్లాడండి, వీలైతే కాన్పుకు ముందే. కాపర్-టి కావాలనుకుంటే కాన్పయిన 48 గంటల లోపల అక్కడే వేయించుకోవచ్చు. మళ్ళీ తిరిగే పని ఉండదు. కొత్త ‘ఛాయ’ మాత్రలు పాలిచ్చే తల్లి వాడవచ్చు. మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ సూది ఆరు వారాల తరువాత వేయించుకోవచ్చు. మామూలు గర్భనిరోధక మాత్రలు మాత్రం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు పనికిరావు. ఇంక పిల్లలు చాలు అనుకుంటే, మగవాళ్ళ ఆపరేషను కత్తిగాటు లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకోవాలి. నీరసం వస్తుందనీ, పొలం పని చేయలేరనీ అనేది వట్టి పుకారు. తొమ్మిది నెలలు మోసి, కని, మళ్ళీ ఆపరేషను బల్ల మీదికి కూడా ఆమే ఎక్కాలా? ఆలోచించండి.

ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వచ్చి తల్లినీ బిడ్డనూ చూస్తుంది. పురిటి మైల అని ఆమెను వాకిట్లోనే నిలబెట్టకండి. బిడ్డను తూచనివ్వండి, తల్లికి జ్వరముందేమో చూడనివ్వండి. 42వ రోజున ఆమె వచ్చేసరికి భార్యాభర్తలు ఇద్దరూ ఇంట్లో ఉండి, ఎడం కోసం ఏ పద్ధతి అనుకున్నారో ఆమెకు చెప్పండి. ఆమె ఆ మాట ఎ.ఎన్.ఎం. రిజిస్టరులో రాయిస్తుంది.